చెల్లి బొమ్మ మీద ఇస్త్రీ మరక

నాకు నోరెక్కువని వీధంతా అంటుంది. అననీ! ఇస్త్రీలో మాత్రం నాకు వంకపెట్టిన మనిషి లేడు. ఇరవై ఏళ్ళుగా ఈ కొట్టు నాది, వెనకగది మా చెల్లిది. అక్కడ కూర్చుని అది నీటిరంగుల బొమ్మలు వేస్తుంది.

చిత్రకళా ప్రదర్శనకి రెండేళ్ళు వరసగా పంపింది. ఎంపిక చేసే పెద్దలు రెండుసార్లూ తిప్పి పంపారు. "ఈసారీ కాదంటే కుంచెలు ఎవరికైనా ఇచ్చేస్తానక్కా," అంది.

ఈసారి నా ఇస్త్రీబల్లనే వేసింది, దాని మీద పరిచిన తెల్లచొక్కాతో సహా. తెల్లరంగు వాడకూడదట, అక్కడి నియమం. తెలుపు కావాలంటే కాగితాన్నే ముట్టుకోకుండా వదిలెయ్యాలి. నెలరోజులు ఊపిరి బిగబట్టి ఆ చొక్కాని కాపాడుకుంది.

తడికి కాగితం ముడతలు పడింది. ముడత కనబడితే నా చెయ్యి ఊరుకుంటుందా? అది స్నానానికెళ్ళగానే బొమ్మని బోర్లా వేసి ఇస్త్రీపెట్టె పెట్టాను. ఇంతలో చొక్కా కోసం ఎవరో వచ్చారు, మాటల్లో పడ్డాను. కాలిన వాసనకి పరిగెత్తుకొచ్చి తిప్పి చూస్తే ఏముంది! బొమ్మలో తెల్లచొక్కా జేబు పక్కన గోధుమరంగు మరక.

ఇరవై ఏళ్ళలో ఒక్క గుడ్డ కాల్చనిదాన్ని, పోయిపోయి దీన్నే కాల్చాను!

బొమ్మ ఇవ్వాల్సింది మర్నాడే. చెల్లి అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని, తలుపేసుకుంది. సాయంత్రానికి తలుపు తీసింది. మరక అలాగే ఉంది. దాని పైన, ఇస్త్రీపెట్టెని అప్పుడే ఎత్తి ఆగిపోయిన ఒక చెయ్యి. చిటికెనవేలు వంకర. నాదే!

ఆ బొమ్మకి మొదటి బహుమతి వచ్చింది. ప్రదర్శనలో దాని ముందు నిలబడి, ఎంపిక చేసిన పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఈ మరక ఏ రంగులు కలిపి వేశావమ్మా? అచ్చం కాలినట్టే ఉంది."

నోరు మూసుకోవే తల్లీ అని చెల్లి నడుం గిల్లాను. అది వింటేనా!

"నేను వెయ్యలేదండీ. మా అక్క కాల్చింది. తుడిస్తే పోదు కదా, అందుకని మా అక్కనీ వేశాను."

అయిపోయింది, బహుమతి వెనక్కి తీసుకుంటారు అనుకున్నాను. పెద్దావిడ బొమ్మ దగ్గరికి వంగి చూసింది. "మేం మెచ్చింది మరకని కాదమ్మా, ఈ చేతిని. చెయ్యరానిది చేశానని అప్పుడే తెలిసిన చెయ్యి ఇది. ఎవరిది?"

అంత నోరున్నదాన్ని, ఈసారి నోటికి పని పెట్టలేదు. అందరి ముందూ చెయ్యెత్తి చూపించాను. వంకర చిటికెనవేలుతో సహా.

దారిలో అడిగాను, "మరి కుంచెలు ఎవరికిస్తున్నావే?"

"ఎవరికీ ఇవ్వను. నీ చేతికైతే అసలే ఇవ్వను," అంది.