రెండు యాసల పాట

బిస్కెట్ వాసన.

నాచారంలో పొద్దున్నే ముందు అదే వచ్చేది. ఫ్యాక్టరీ గోడ దాటి, మురుగు కాలువ దాటి, రేకుల గది కిటికీలోంచి లోపలికి. వేగిన పిండి... కరిగిన చక్కెర... ఆ తర్వాతే వెలుగు.

ఆ రేకుల గదిలోనే పాస్టర్ భూషణం మొదటి ఆరాధన జరిపాడు. అప్పటికి ఆయన జుట్టంతా నలుపే. మైకు లేదు. కుర్చీలు లేవు. చాపలు ఉండేవి — చాపల నిండా మనుషులు ఉండేవాళ్ళు.

నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చేవాళ్ళు. కొందరు ప్రార్థనలో కళ్ళు మూసుకుని అలాగే నిద్రలోకి జారిపోయేవాళ్ళు.

భూషణం లేపేవాడు కాదు.

తారామణి అక్కడికే వచ్చింది. జనగామ దగ్గర ఊరు. బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. చేతులకు ఎప్పుడూ ఆ తీపి వాసనే. గొంతు మాత్రం — ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీది మనిషిని పిలిచే గొంతు. ఆ గదిలో పట్టేది కాదు.

రత్నకుమారి కూడా అక్కడికే వచ్చింది. తెనాలి మనిషి. భర్త దామోదర్‌కు రైల్వేలో ఉద్యోగం, రామంతాపూర్‌లో సొంతిల్లు. నలగని చీర, చేతిలో జిప్పు ఉన్న బైబిలు. మొదటి రోజు చాప దగ్గర కాస్త తటపటాయించింది.

తారామణి జరిగింది.

"ఇటు రా అక్కా. ఈడ గాలొస్తది."

అంతే. ఏళ్ళ తరబడి ఆ చోటు వాళ్ళిద్దరిదే.

పాట తారామణిదే. ప్యాకింగ్ బెల్టు ముందు నిలబడి, చేతులు ఆడుతుండగా, తనే కట్టుకున్నది.

ఎండల నడిచొచ్చినం యేసయ్యా...
ఇంత నీడనియ్యవయ్యా...

రత్నకుమారి నేర్చుకుంది. ఆమె నోట్లో అది 'ఎండలో నడిచొచ్చాం' అయ్యేది. పక్కన తారామణి 'నడిచొచ్చినం' అనేది. ఒకే రాగం. ఆ మాట దగ్గర రెండుగా చీలేది... 'యేసయ్యా' దగ్గర మళ్ళీ కలిసేది.

ఎవరూ దిద్దలేదు. ఎవరికీ దిద్దాలనిపించలేదు.

ఐక్యత గురించి భూషణం తర్వాత ఎన్నో ప్రసంగాలు చేశాడు. ఆ పాట కంటే బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాడు.

సంఘం పెరిగింది. ఉప్పల్‌లో స్థలం దొరికింది. రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లోనే చర్చి గోడలూ లేచాయి. కింద నున్నటి రాయి. మూలన కీబోర్డు. మనిషంత స్పీకర్లు. గాయక బృందం బాధ్యత రత్నకుమారికి అప్పగించారు.

ఒక ఆదివారం భూషణం ఘట్‌కేసర్‌లో పెళ్ళి జరిపించడానికి వెళ్ళాడు. జరిగింది తర్వాత విన్నాడు.

పాట మొదలైంది. వెనక వరుసలోంచి తారామణి గొంతెత్తగానే స్పీకర్లు కీచుమన్నాయి. ముందు వరుసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. రత్నకుమారి మైకు ముందు నుంచే అంది —

"తారా, నువ్వు కొంచెం మెల్లగా పాడు."

నవ్వుతూనే అంది. మైకు ఆ మాటను హాలంతా మోసుకెళ్ళింది. కొందరు నవ్వారు.

తారామణి నోరు మూసుకుంది. ఆరాధన అయ్యేదాకా నిలబడింది. చెప్పులు తొడుక్కుంది.

మళ్ళీ రాలేదు.

భూషణం ఆమె ఇంటికి వెళ్ళాడు. చాయ్ పోసి ఇచ్చింది.

"కోపమేం లేదు పాస్టరుగారు. గంత పెద్ద హాల్ల నా గొంతు ఆగం జేస్తది. ఈడనే పాడుకుంట తియ్యుండ్రి."

ఆమె వెనకే నాచారం వాళ్ళు ఒక్కొక్కరుగా ఉప్పల్‌కు రావడం మానేశారు.

అప్పటినుంచి పొద్దున ఉప్పల్. సాయంత్రం నాచారంలో తారామణి ఇల్లు. అదే వాక్యం, అదే ప్రార్థన... ప్రభు భోజనపు రొట్టె మాత్రం రెండు చోట్ల విరిచేవాడు. దారిలో ఒంటరిగా నడుస్తున్నప్పుడు ఆ పాత పాట నోట్లోకి వచ్చేది. 'నడిచొచ్చాం' అనాలో 'నడిచొచ్చినం' అనాలో తెలియక అక్కడ ఆగిపోయేవాడు.

ఏళ్ళు గడిచాయి. రేకుల గది పోయి అక్కడ గోడౌన్ వచ్చింది. చాపల మీద కూర్చున్నవాళ్ళలో కొందరు లేరు.

ఈ వానాకాలం మొదట్లో రత్నకుమారికి పక్షవాతం వచ్చింది.

కుడి చేయి పడిపోయింది. మాట పడిపోయింది.

రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఇంటికి తీసుకొచ్చారు. సంఘం వాళ్ళు వచ్చారు, ప్రార్థించారు, పళ్ళు పెట్టి వెళ్ళారు. పక్కింటి కౌసల్యమ్మ మాత్రం వస్తూనే ఉంది. ఏటా ఎల్లమ్మకు నెత్తిన బోనమెత్తే మనిషి... పొద్దునా సాయంత్రం వచ్చి గంజి తాగించేది, తల దువ్వేది, పక్క మార్చేది.

భూషణం ప్రార్థించినప్పుడు రత్నకుమారి పెదవులు కదిలేవి. చప్పుడు వచ్చేది కాదు. కళ్ళ నీళ్ళు మాత్రం వచ్చేవి.

ఆ ఆదివారం సాయంత్రం ఆయన నాచారంలో ఆ సంగతి చెప్పాడు. తారామణి చాప చుడుతోంది. చేతులు ఆగాయి.

"మాట పడిపోయిందా?"

"అవునమ్మా."

"మొత్తానికేనా?"

ఆయన తలూపాడు. తారామణి చాప చుట్టి గోడకు నిలబెట్టింది. 

మర్నాడు సాయంత్రం రామంతాపూర్ ఇంటి గేటు చప్పుడైంది. తారామణి పని బట్టల్లోనే వచ్చింది. నుదుటి మీద ఫ్యాక్టరీ టోపీ అచ్చు ఇంకా పోలేదు.

"ఎవలమ్మా నువ్వు?" అడిగింది కౌసల్యమ్మ.

"నేనా... ఎన్కట అక్క పక్కపొంటి కూసునేదాన్ని."

లోపల భూషణం ఉన్నాడు, దామోదర్ ఉన్నాడు. రత్నకుమారి ఆమెను చూసింది. చూసి, ముఖం గోడవైపు తిప్పుకుంది.

తారామణి మంచం అంచున కూర్చుంది. పడిపోయిన ఆ చేతిని తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏం మాట్లాడాలో తెలియలేదు. తెలియక... పాట ఎత్తుకుంది.

ముందు సన్నగానే పాడింది. రోగి ఉన్న గది కదా. కానీ ఆ గొంతు ఎంతసేపని ఆగుతుంది? చరణం దాటేసరికి కిటికీ దాటింది. వీధి దాటింది.

ఎండల నడిచొచ్చినం యేసయ్యా...

మళ్ళీ పాడింది. మళ్ళీ.

మంచం మీద నుంచి ఏదో గురగుర. ముందు గాలి... తర్వాత రాగం... తర్వాత —

"...నడి... చొచ్చి... నం... యేసయ్యా..."

దామోదర్ గుమ్మం పట్టుకున్నాడు. "ఆమేనా? ఆమేనా అన్నది?" అన్నాడు ఎవరినో.

ముద్దముద్దగా ఉంది. కానీ మాటే. 'నడిచొచ్చాం' కాదు — 'నడిచొచ్చినం'.

తారామణి ఏడుస్తూ నవ్వింది.

"అయ్యో అక్కా... నా యాస ఎప్పుడు నేర్సినవ్?"

పాట అయిపోయింది. రత్నకుమారి ముఖం ఇటు తిప్పింది. ఏదో చెప్పాలని గింజుకుంది. మెడ నరాలు ఉబ్బాయి. ఎడమచేత్తో దుప్పటిని కొట్టింది.

"మె... మెల్... మెల్ల..."

దామోదర్‌కు అర్థం కాలేదు. కౌసల్యమ్మకు అర్థం కాలేదు. భూషణం తల వంచుకున్నాడు.

తారామణి ఆమె కళ్ళు తుడిచింది.

"అది ఇడిసిపెట్టు అక్కా. మాటలెందుకిప్పుడు? పాడు."

మాట పోయినవాళ్ళకు కూడా ఒక్కోసారి పాట మిగులుతుందని డాక్టరు చెప్పాడు. పాడించండి, మంచిదే అన్నాడు.

తారామణి రోజూ షిఫ్ట్ దిగి రావడం మొదలుపెట్టింది. ఒకరోజు నాచారం నుంచి ఇంకొకామె తోడొచ్చింది. ఇంకోరోజు ఉప్పల్ నుంచి ఒక జంట. గదిలో చోటు చాలక మంచాన్ని వరండాలోకి జరిపారు. దామోదర్ అటక మీద నుంచి చాపలు దింపాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ప్రకటించలేదు. కౌసల్యమ్మ గడప మీద కూర్చుని చేతులు చరిచేది.

"మా ఎల్లమ్మ తల్లికి గూడ మేం గిట్లనే గట్టిగ పాడ్తం. సన్నగ పాడితే దేవునికి ఇనబడ్తదా?"

భూషణం గోడకు ఆనుకుని చూసేవాడు. మైకు లేదు. కుర్చీలు లేవు. గుండెలో ఎక్కడో నొప్పిగా ఉండేది... హాయిగానూ ఉండేది. లేనివాళ్ళ పేర్లు ఒక్కొక్కటే గుర్తుకొచ్చేవి.

రత్నకుమారికి మాట పూర్తిగా రాలేదు. పాటలో ఉన్న మాటలే వచ్చేవి. ఒక మధ్యాహ్నం దాహమేసి, అదే రాగంలో 'నీళ్ళియ్యవయ్యా' అని పాడింది. దామోదర్ గ్లాసు పట్టుకుని నవ్వలేక, ఏడవలేక నిలబడ్డాడు.

ఆ సాయంత్రం షేర్ ఆటో దాకా తారామణితో నడిచాడు భూషణం. వాన వెలిసింది. రోడ్డు మీద నీళ్ళు, నీళ్ళలో దుకాణాల లైట్లు.

"అమ్మా... ఆదివారం ఉప్పల్‌కు వస్తారా? అందరూ అడుగుతున్నారు."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ కొంచెం దూరం నడిచింది.

"అక్క నడుస్తదంటరా పాస్టరుగారు?"

"తెలియదమ్మా. డాక్టరు కూడా ఏమీ చెప్పడం లేదు."

"నడ్సిన్నాడు ఇద్దరం కలిసొస్తం. ఒక్కదాన్నెట్ల రావాలె?"

ఆయన ఆటో కోసం చెయ్యెత్తాడు.

హబ్సిగూడ మీదుగా నాచారం వెళ్ళే ఆటో వచ్చి ఆగింది. లోపల ఇరుకు. ఎవరో జరిగారు. ఆమె ఎక్కి కూర్చుంది. ఆటో కదిలింది.

నాలుగు గజాలు వెళ్ళిందో లేదో, పాట ఎత్తుకుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లున్న కుర్రాడు తిరిగి చూశాడు. ఆమె ఆపలేదు.

ఇంజను చప్పుడు మీదుగా... హారన్ల మీదుగా...

గట్టిగానే.