గంగక్క పొదగేసిన సరిగమలు

టేకులపల్లి అవతల, అడవి అంచునున్న ఊళ్లో శ్యామల రోజూ సాయంత్రం అరుగు మీద హార్మోనియం పెట్టుకుని పిల్లలకు సంగీతం చెప్పేది. చెప్పేది అనడం మర్యాదకే. ఆమె 'సా' అనగానే ఒకడికి కడుపునొప్పి వచ్చేది. 'రీ' అనేసరికి ఇంకొకడి మేక తప్పిపోయేది. హేమ్లి ఒక్కతే చివరిదాకా కూర్చునేది. నిద్రపోయే పిల్ల ఎక్కడికి పోతుంది?

శ్యామల అత్త గంగక్కకు కోడిని పొదగేయడానికి గంప దొరకలేదు. అరుగు మీద ఖాళీగా ఉన్న హార్మోనియం పెట్టెలోనే గడ్డి పరిచి, గుడ్లు బేసిగా ఉండాలని ఏడు పెట్టి, కోడిని కూర్చోబెట్టింది. పొదిగినన్నాళ్లూ ఆ కోడి చెవిన సరిగమలు పడ్డాయి. ఏడు గుడ్లూ పిల్లలయ్యాయి. ఒక్కో పిల్ల ఒక్కో స్వరం పలికింది. ఊళ్లో ఎవరూ నోరెళ్లబెట్టలేదు. "నడుమ పిల్ల జర బొంగురుగున్నది, పసుపు నీళ్లు పట్టుండ్రి" అని పూజారి పగిడయ్య మాత్రం సలహా ఇచ్చాడు. ఆయన్ను సలహా అడిగినవాళ్లు ఇప్పటికీ లేరు.

శ్యామల పిల్లల చేతుల్లో నూకలు పోసింది. ఏ కోడిపిల్ల ముందు వేస్తే అది పాడుతుంది. దానితో పాటు శ్రుతి కలిపినవాళ్లకే మళ్లీ నూకలు.

"'గా' ముందట ఎయ్యకురా, 'మా' ముందట ఎయ్!"

"నీ 'మా'కు ఇందాకటి నూకలే అరగలే!"

కడుపునొప్పులు తగ్గాయి. మేకలు ఇంటిపట్టునే ఉన్నాయి. హేమ్లి మేలుకుంది.

కోడిపిల్లలు ఎదిగాయి. ఆరు పెట్టలయ్యాయి, సా ఒక్కటే పుంజయింది. కొడుకు నాగరాజుకు బొగ్గుబాయి ఉద్యోగం పర్మినెంట్ అయితే ముత్యాలమ్మకు పుంజునిస్తానని గంగక్క మొక్కుకుంది. ఉద్యోగం పర్మినెంట్ అయింది.

"అత్తమ్మా, సంతల వేరే పుంజును కొందాం. సా లేకపోతే పిల్లలు ఒక్కరు రారు. నా క్లాసు మూతపడ్తది."

"ఇంట్ల పుంజు పెట్టుకుని సంతకు పోతరానే? ఇంక ఆరున్నయి కద."

"సా లేకుంట పాట ఏడికెళ్లి మొదలుపెట్టాలె?"

"రీ కాడికెళ్లి."

గుడి దగ్గర గంగక్క పుంజును పట్టుకుని నిలబడింది. పగిడయ్య నీళ్లు చల్లాడు. పుంజు ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. అప్పుడే కత్తి లేవాలి. పుంజు విదిలించలేదు. మెడ చాచి, సా అందుకుంది. వెనక ఏడుస్తున్న పిల్లలు అలవాటు కొద్దీ మిగతా స్వరాలు ఎత్తుకున్నారు.

"ఏంది పూజారీ, సరిగ చల్లు!" అంది గంగక్క.

పగిడయ్యకు రోషం వచ్చి చెంబెడు నీళ్లూ ఒక్కసారే విసిరాడు. పుంజు తల వంచింది. నీళ్లన్నీ గంగక్క ముఖాన పడ్డాయి. కొప్పు ఊడేలా ఆమె ఒళ్లంతా విదిలించింది.

పగిడయ్య చెంబు కింద పెట్టాడు. "అమ్మ ఒప్పుకున్నది."

"పుంజు ఇదిలియ్యలే గద?"

"పుంజు కాదు గంగక్కా. నువ్వు."

గంగక్క కత్తి వైపు చూసింది. పగిడయ్య కూడా చూశాడు.

"భయపడకు, కత్తి మొద్దుగున్నది" అన్నాడు. "అమ్మ ముందట పుంజు పాడింది, పిల్లలు పాడిండ్రు. నువ్వే పాడలే. అమ్మ అడుగుతున్నది నీ పాటనే."

అమ్మ మాటకు ఎదురు లేదు. మర్నాడు సాయంత్రం గంగక్క అరుగు మీద హేమ్లి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పుంజు సా పలికింది. గంగక్క కూడా ఏదో పలికింది. వీధిలో పోతున్న ఎద్దు ఆగింది.

"ఇంకొకసారి పాడు అత్తమ్మా" అంది శ్యామల.

కాపురానికి వచ్చాక కోడలు అత్తకు పని చెప్పడం అదే మొదలు. గంగక్క గొంతు సవరించుకుని మళ్లీ పాడింది.