చివరి వరసలో కళ్ళజోడు

మా బావగారు సింహాసనం దిగిన వృత్తాంతం ఏ చరిత్రకారుడూ రాయలేదు. అది చరిత్రకు వచ్చిన లోటు. పట్టణంలోకెల్లా పెద్ద ప్రొటెస్టెంట్ సంఘానికి పాస్టరైన ఆయన, ఒక ఆదివారం వేదికనెక్కి, తనను కతోలిక గురువు, అంటే ఫాదర్, కావాలని దేవుడు పిలిచాడనీ, ఇక సెలవనీ ప్రకటించారు. ఆ సెలవు పుచ్చుకోవడం కూడా అందరిళ్ళలో భోజనాలు చల్లారేదాకా సాగింది.

రాజ్యంతోపాటు పాస్టరు బంగళా పోయింది. అక్కా ఆయనా నా కళ్ళజోళ్ళ దుకాణం మీది గదుల్లోకి మారారు. చూపు పరీక్షించేచోట, అక్షరాల పలక పక్కన ఆయన్ను నియమించాను. ఏ అక్షరం చూపినా అందులో ఏదో పరమార్థం దాగున్నట్టే చూపేవారు. చూపు బాగున్నవాళ్ళు కూడా కాసేపు నిలబడి, జోడు కొనుక్కుని మరీ వెళ్ళేవారు. ఆదివారాలు మాత్రం కతోలిక ఆలయంలో మామూలు విశ్వాసిగా, నోరు కట్టుకుని కూర్చునేవారు. అంతటి వక్తకు అదెంతటి తపస్సో బావమరిదిని, నాకు తెలుసు.

అక్క బాధ వేరు. పాత సంఘంలో సగం పాస్టరమ్మగారిదే. గాయకబృందం, రోగుల పరామర్శ, తగాదాల తీర్పు, అన్నీ ఆమె చేతిమీదుగానే నడిచేవి. వీటన్నిటినీ మించిన అధికారం మరొకటుండేది. ప్రసంగం శ్రుతి మించినప్పుడు ఆమె కళ్ళజోడు తీసి రుమాలుతో తుడిచేది. అది కనబడితే చాలు, బావగారు ఎర్రసముద్రం నడిమధ్యనున్నా ఒక్క గంతులో ఒడ్డు చేరి ఆమెన్ అనేవారు.

ఏళ్ళ తరబడి చదువులూ పరీక్షలూ గడిచాక రోము అనుమతి వచ్చింది. కతోలిక గురువులు బ్రహ్మచారులుగా ఉండాలి కనక, పెళ్ళయినవారికి అది అరుదైన మినహాయింపు. ఇక భార్య మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ఆమె కాదంటే అంతా అక్కడితో సరి.

అడగడానికి బిషప్పుగారే మా మెట్లెక్కి వచ్చారు. ఉన్న రెండు కుర్చీలమీదా పుస్తకాలుండడంతో ఆ మహనీయుడికి అద్దాల పెట్టె ఆసనమైంది.

"ఆయన గురువవుతారు, సరే. మరి నేనేమవుతానండీ?" అంది అక్క.

"అబద్ధం చెప్పనమ్మా. గురువుగారి భార్యకు మా దగ్గర పదవి లేదు. కనీసం పేరైనా లేదు."

అక్క ముఖం గంటు పెట్టుకుంది. నిశ్శబ్దం బావగారి ఒంటికి పడదు. వెంటనే దైవపిలుపు గురించి అబ్రాహాము దగ్గర ఎత్తుకుని, ప్రవక్తల ఇళ్ళన్నీ చుట్టబెట్టసాగారు. బిషప్పుగారు పెట్టెమీద మర్యాదగా ఇటూ అటూ కదిలారు. అక్క కళ్ళజోడు తీసి తుడిచింది. బావగారు వాక్యం మధ్యలో ఆమెన్ అన్నారు.

బిషప్పుగారు ఆ రుమాలునూ, మూతపడిన ఆ నోటినీ మార్చి మార్చి చూశారు.

"నా గురువుల్లో ఒక్కరినీ నేనిలా ఆపలేకపోయాను. పేరు లేదన్నాను గానీ, పని లేదనలేదమ్మా."

అక్క నవ్వు బిగబట్టింది. అప్పుడు బావగారు, జన్మలో మొదటిసారి ఒకే ఒక్క వాక్యంతో సరిపెట్టారు.

"నువ్వు వద్దంటే ఇక్కడే అద్దాలమ్ముకుంటాను."

అక్క జోడు తిరిగి పెట్టుకుని ఆయనకేసి చూసింది.

"చివరి వరసలో కుర్చీ నాది. మీ గొంతు అక్కడిదాకా రావాలి, చూపు కూడా," అంది. అదే ఆమె సమ్మతి.

గురుపట్టాభిషేకం దివ్యంగా జరిగింది. మరుసటి ఆదివారం ఆయన మొదటి పూజకు ఆలయం కిక్కిరిసిపోయింది. పాత సంఘంవాళ్ళూ వచ్చారు. అందరికన్నా ఎక్కువ అలిగినవాళ్ళు అందరికన్నా ముందొచ్చి ముందు వరస పట్టుకున్నారు. నేను అక్క పక్కన, చివర కూర్చున్నాను.

బావగారు పూజావస్త్రాల్లో లేచి నిలబడ్డారు. "ప్రియ సహోదరులారా, ఈ బలిపీఠం దాకా నన్ను నడిపించింది..." అంటూ చివరి వరసకేసి చూశారు. సరిగ్గా అప్పుడే అక్క కళ్ళజోడు తీసింది.

ఆయన ఆమెన్ అని వెళ్ళి కూర్చున్నారు.

జనం ముందు నమ్మలేదు. అంత చిన్న ప్రసంగం ఆ ఆలయంలో ఎవరూ విని ఎరగరు. పూజ ముగిసేసరికి కొత్త ఫాదర్‌గారి కీర్తి వీధి చివరిదాకా పాకింది.

మెట్లమీద అక్క నిలదీసింది. "అప్పుడే ఆపేశారేం?"

"నువ్వు జోడు తీశావుగా."

"కళ్ళు తుడుచుకోవద్దా? ఇంతకీ నడిపించిందెవరో చెప్పనే లేదు మీరు."

"చెప్పేదేముంది?" అన్నారు బావగారు. "ఆలయమంతా వెనక్కి తిరిగి నీకేసే చూసిందిగా."