ఎద్దులో మా కాలు

...మా కాలు కాకపోతే బావుణ్ణు, ఛీ ఇదేం బుద్ధి, ఎద్దు లేవకపోతే ఏ కాలైతే ఏమిటి, పాక దగ్గర్నుంచి సున్ మామ అరుస్తున్నాడు, పుల్లెద్దు లేవట్లేదు రండర్రోయ్ అని, కొర్రజావ కుండ పొయ్యి మీదే వదిలేసి ఈ ముడుచుకుపోయిన పాదాలతో పడుతూ లేస్తూ పోతున్నాను, నిన్న వాన పడింది, ఈ పదును ఆరేలోగా విత్తకపోతే కొర్ర మొలవదు, చలికాలం ఏం తింటాం, చెప్పానా లేదా, మన కాలు ఉమ్మడి సాగు సంఘంలో కలపొద్దే గ్వీలాన్ అని చెప్పానా లేదా, నిన్న సభలో నా కూతురు, పెళ్ళికాని పిల్ల, ఊరంతా చూస్తుండగా చెయ్యెత్తి, మా కాలు కూడా సంఘానికే అనేసింది, మా కాలంటే వెనక ఎడమది, జమీందారు సొత్తు పంచిన రోజున ఎద్దు ఒక్కటే, మేం నాలుగిళ్ళవాళ్ళం, ఇంటికో కాలు, మేపడం వంతులవారీగా అన్నారు, నా సొంత కాళ్ళేమో, పాదం చిన్నదైతేనే పెళ్ళవుతుందని, చిన్నప్పుడే గుడ్డలు చుట్టి విరిచేశారు, పుట్టి బుద్ధెరిగాక నాకు దక్కిన మంచి కాలు అదే, దానికి వెనిగర్ వెచ్చచేసి రుద్దేదాన్ని, ఎర్ర దారం కట్టాను, మిగతా మూడూ వాళ్ళు చూసుకోవాలి గదా, ఇప్పుడు సంఘమంటోంది, పిల్ల చెయ్యెత్తిన మర్నాడే ఎద్దు పడిపోయింది, జనం ఏమంటారు, దాన్ని ఎవరు చేసుకుంటారు.

పాకలో ఎవరి కాలి దగ్గర వాళ్ళు కూర్చున్నారు, సున్ మామ ముందు కుడికాలు నొక్కి నాదానికేం లేదు అంటున్నాడు, చ్యావ్ వదిన ముందు ఎడమకాలు పట్టుకుని, నాదీ రాయిలా ఉంది, వెనకవే చూసుకోండి అంటూ నావైపు ఓ చూపు విసిరింది, ఇంతలో వెనకనుంచి గ్వీలాన్ నవ్వు, ఇంత జరుగుతుంటే నవ్వేమిటే, బావుంది మామా, నాలుగు కాళ్ళకీ యజమానులున్నారు, కడుపు ఎవరికి రాశారు అంది, నిన్న చెయ్యెత్తావు, ఇవాళ నోరెత్తుతున్నావా అన్నాడు సున్ మామ, అది వినిపించుకోకుండా ఎద్దు డొక్కలో చెయ్యి పెట్టింది, పిడికిలి పట్టేంత గుంట, నీ వంతు ఆఖరి సాయంత్రం ఏం వేశావు మామా, ఎండుగడ్డి, నువ్వత్తా, గడ్డేనమ్మా, తెల్లారితే వాళ్ళింటికి పోయేదేగా, వెనక కుడికాలి దగ్గరున్న తియాన్ వాళ్ళ ముసలమ్మ అడక్కముందే తల దించుకుంది, పిల్ల నన్ను మాత్రం అడగలేదు, తల్లిని గదా, అడక్కపోవడమే మండింది.

జావ తెస్తానని నేనే అన్నాను, ఎందుకన్నానో తెలీదు, ఇంట్లో మాకున్నది అంతే, ఉప్పేసి గోరువెచ్చగా పట్టిస్తే నాలుక ఆడించింది, చ్యావ్ వదిన చిక్కుడుగింజలు నానేసి తెచ్చింది, తియాన్ వాళ్ళ ముసలమ్మ ఊక తెచ్చింది, పొట్ట కింద దుంగ దూర్చారు, గ్వీలాన్ దుంగ చివర భుజం పెట్టింది, తప్పుకోవే, మీద పడితే నడుం విరుగుతుంది, నిన్నెవరు చేసుకుంటారే, అమ్మా ఆ ఏడుపు తర్వాత, రక్తం ఆడేలా కాళ్ళు రుద్దు అని కసిరింది, రుద్దుతున్నాను, కళ్ళు మూసుకుని రుద్దుతున్నాను, పడుతుంది, ఇప్పుడు పడుతుంది, చస్తుంది, పదును ఆరిపోతుంది, హైసా అంటున్నారు, చెవి పక్కన వెచ్చటి ఊపిరి, సున్ మామ నవ్వుతున్నాడు, మామ నవ్వగా ఎప్పుడు విన్నానని, కళ్ళు తెరిచాను, ఎద్దు నిలబడి ఉంది, వణుకుతోంది గానీ నిలబడే ఉంది, వదలమ్మా ఇంక, నాగలి కట్టాలంటే దానికి రెండ్రోజులు మేత పడాలి, ఈలోగా పై చేలో నాగలి మేమే లాగుతాం అంటోంది పిల్ల, పదును నిలుస్తుందా, నిలుస్తుందిలే, నా చేతులింకా పట్టుకునే ఉన్నాయి, చూస్తే అది ముందు కాలు, కుడిది, సున్ మామది, కాదు, ఎద్దుది.