గడప ఎక్కడుందో నాకు తెలుసు

నేను ఒక ఫోటోను. అందగత్తెనేమీ కాను. వంకరగా తీశారు, అంచున వేలు కూడా పడింది. అయితేనేం, ఫోన్‌తో తీసిన ఫోటోకి మొహమొక్కటే కాదు, తీసిన రోజు, తీసిన చోటు కడుపులో దాగి ఉంటాయి. మనుషులు మొహాలే చూస్తారు. కడుపు చూసేదెవరు!

నన్ను తీసింది ఉప్పాడ తీరాన, పోలయ్య. తన చేత్తో నిలబెట్టిన గడపకు పసుపు రాస్తూ భార్య నూకరత్నం నవ్వుతోంది. ఆ తర్వాతి తుఫానుకే ఇంటిని సముద్రం మింగేసింది. కొన్నాళ్లకు జ్వరమొచ్చి పోలయ్యా పోయాడు.

నన్ను తెరిచి చోటు నొక్కితే, పటంలో నీళ్ల మధ్య ఎర్ర చుక్క కనిపించేది. ఏటా శ్రావణ శుక్రవారం మరిది ధనరాజు అక్కడికే పడవ నడిపేవాడు. నూకరత్నం గడపకు రాయాల్సిన పసుపును నీళ్లలో కలిపేది. "రాశాను మావా, సూసుకో" అని నవ్వేది, వెంటనే ఏడ్చేది. అప్పుడు నేను ఆమె అరచేతిలో ఉండేదాన్ని.

ఈమధ్య ఆ ఫోన్ పాడైంది. సెల్ షాపు సూరిబాబు మంచివాడే. కొత్త ఫోన్‌లో నేను తెరుచుకోవడం లేదని నా నకలు తీసి మరో రకం ఫైలుగా మార్చాడు. పనిలో పనిగా రంగు పెంచి, వేలు చెరిపేసి, నాకు చెల్లెలైన ఆ నకలుని ఆమె చేతిలో పెట్టాడు. చోటు కూడా దాని వెంట పంపాలని పాపం ఆయనకు తోచలేదు. నేనున్న మెమరీ కార్డును సొరుగులో పడేసి మరిచిపోయాడు.

నిన్న శ్రావణ శుక్రవారం. వదినా మరుదులు తడిబట్టలతోనే షాపుకొచ్చారు.

"పొద్దుట్నించీ సముద్రంలో తిరిగాం బాబూ. ఎంత నొక్కినా సోటు రాట్లేదు."

"అదేంటమ్మా, ఫోటో మునుపటికంటే బాగుంది కదా!"

"మొకం బాగానే ఉంది. ఇల్లెక్కడో సెప్పట్లేదు."

సూరిబాబు తల గోక్కున్నాడు. "పాత ఫోన్ తుక్కులో ఏసేశానండీ," అన్నాడు.

"పోనీలే వదినా. సముద్రమంతా మనిల్లే అనుకో," అన్నాడు ధనరాజు.

"అంతా మనిల్లయితే గడపేదయ్యా?" అంది నూకరత్నం.

పసుపు పొట్లం బల్ల మీద పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ బల్ల కిందే నా సొరుగు. అమ్మా, ఇక్కడే ఉన్నానని అరవాలనిపించింది. ఫోటోకి నోరేది!

వెళ్తూ వెళ్తూ పొట్లం మరిచిపోయింది. మళ్లీ వస్తుందిలే అని సూరిబాబు దాన్ని సొరుగులో వేశాడు. మూల చిరిగి ఉన్నట్టుంది, కార్డు నిండా పసుపు రాలింది.

ఈ ఏడూ గడప మీద పసుపు పడింది. ఆ సంగతి ఆమెకి చెప్పేవాళ్లే లేరు.