వగరు ముక్కుకు తెలియదు

రైల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగంలో పంతొమ్మిదేళ్లు గడిపిన మనిషిని ఎదుటివాడి మాట నమ్మమంటే ఎలా నమ్ముతుంది? టికెట్ లేనివాడే అందరికంటే ముందు కళ్లు మూసుకుని గురక పెడతాడు. ఉన్నవాడు పాపం జేబులన్నీ తడుముకుంటూ చెమటలు కక్కుతాడు. ఇవన్నీ చూసి చూసి ఆమెకు ఒక రకమైన కన్ను వచ్చేసింది. ఆ కన్ను ఉద్యోగంలో అన్నం పెట్టింది గానీ ఇంట్లో ఎవరినీ సుఖంగా కూర్చోనివ్వలేదు. మొగుడు ఆమెను "చెకింగు మేడం" అని పిలిచేవాడు. అత్తగారు అలా పిలిచేది కాదు కానీ, కోడలు వంటింట్లో అడుగుపెడితే చాలు, ఏ తప్పూ చెయ్యకపోయినా చేతిలో ఉన్న డబ్బాకి గబగబా మూత పెట్టేసేది.

అలాంటి ఇంట్లోకి సోమవారం నాడు పది సీసాల పెట్టె ఒకటి వచ్చింది. ఆరు వైన్లు, నాలుగు బీర్లు.

ఇంకో ఇంట్లో అయితే దాని గురించి ఎవరూ పట్టించుకోరు. ఈ ఇంటాయన మాత్రం ఒకప్పుడు పెద్ద హోటల్లో ఏ వంటకం పక్కన ఏ వైన్ పెట్టాలో, ఏ బీరు పెట్టాలో చెప్పే పనిలో ఉండేవాడు. రుచి చూడటమే పని. పని అలవాటైంది, అలవాటు ముదిరింది, చివరికి ఆసుపత్రి మంచం దాకా వెళ్లింది. ఇంకొక్క గుక్క వేస్తే తన దగ్గరికి తీసుకురావద్దని డాక్టరు చెప్పేశాడు. భార్య అంతకంటే గట్టిగా చెప్పింది. ఒక్క చుక్క నోట్లో పడిందని తెలిసిన రోజున ఈ ఇంట్లో ఉండనంది. ఇది జరిగి పధ్నాలుగు నెలలు. అప్పట్నుంచి ఆయన ఉద్యోగం లేకుండా, కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, కుక్కిన పేనులా పడి ఉన్నాడు.

ఆ పెట్టెను పంపింది ఊళ్లో ఉన్న ఒక విందుశాల యజమానురాలు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఆవిడ దగ్గర ఒక పెద్ద విందు ఉంది. ఎవరో జంటకు పెళ్లై యాభై ఏళ్లయిందట. ఐదు వంటకాలు, ఒక్కోదానికి జతగా ఒక్కో పానీయం. వంటకానికి రెండేసి సీసాలు పంపి, వాటిలో ఒకటి తేల్చమంది. అది కుదిరితే ఉద్యోగం ఖాయం. అయితే ఆవిడ ఆ మాట ఆయనకు చెప్పలేదు, ఈమెకు ఫోన్ చేసి చెప్పింది.

"మీ ఆయన ముక్కు సంగతి నాకు తెలుసమ్మా. నోటి సంగతే తెలీదు. మీరు హామీ ఇస్తే పెట్టుకుంటా. మధ్యలో ఏదైనా తేడా వస్తే శనివారం పన్నెండులోపు ఫోన్ చేసెయ్యండి, ఇంకొకర్ని చూసుకుంటా. చెప్పకుండా తాగినోణ్ణి నా హాల్లోకి పంపారనుకోండి, తర్వాత ఈ ఊళ్లో ఆయనకి ఎక్కడా పని దొరకదు."

"హామీ నాది" అంది ఆమె. 

ఆ సాయంత్రం ఆయన బల్ల మీద సీసాలు వరసగా పేర్చుకుంటుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది.

"రుచి చూడకుండా ఎలా చెప్తారు?"

"పదిలో ఏడొంతులు ముక్కే చెప్తుంది. పండు వాసన, పొగ వాసన, చెక్క వాసన, అన్నీ దానికి తెలుస్తాయి."

"మిగతా మూడొంతులు?"

"పులుపు, చేదు, వగరు. అవి నోటికి తెలియాల్సిందే, ముక్కుకు తెలియవు." ఆయన తల ఎత్తకుండానే అన్నాడు. "ఏదోటి చేస్తాలే. ఇన్నేళ్ల అనుభవం ఉందిగా."

ఏదోటి చేస్తాడట! ఆ మాట ఆమె చెవిలో ముల్లులా దిగింది.

మంగళవారం డ్యూటీ దిగి రెండున్నరకి ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే సీసాలు చూసింది. తెల్ల వైన్ రెండు వేళ్ల మేర తగ్గింది. అడిగితే, గ్లాసులో పోసి వాసన చూసి సింకులో పారబోశానన్నాడు. సింకు నిజంగానే ఘుమఘుమలాడుతోంది. పారబోసిన మాట నిజమే కావచ్చు. పోసిందంతా పారబోశాడా అన్నదే ఆమె ప్రశ్న. ఆ ప్రశ్నకు సింకు దగ్గర జవాబు లేదు.

బుధవారం వచ్చేసరికి వంటింటి తలుపు మూసి ఉంది. లోపల తల్లీకొడుకుల గుసగుసలు. తలుపు తట్టగానే గుసగుసలు ఆగిపోయాయి. తీసేసరికి అత్తగారు ఉల్లిపాయ వలుస్తూ కూర్చుని ఉంది. ఆ ఉల్లిపాయ అప్పటికే వలిచి ఉంది. వలిచిన ఉల్లిపాయను మళ్లీ వలిచే మనిషిని ఏమనుకోవాలి? పైగా గదంతా లవంగం వాసన.

"ఎవరు నములుతున్నారు లవంగాలు?"

"నేనేనమ్మాయ్. పన్ను సలుపుతోంది" అంది అత్తగారు, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండదు? ఈ అత్తగారు ఇదివరకు కొడుకు కోసం ఆడిన అబద్ధాలు ఒకటా రెండా? బియ్యం డబ్బాలో సీసా దొరికితే చీమలు పట్టకుండా పెట్టానంది. వాడు మత్తులో లేవలేకపోతే జ్వరమంది. ఆసుపత్రి వాళ్ల దగ్గర కూడా, మా వాడు పండగలకి తప్ప ముట్టడండీ అంది. ఆ ఏడాది క్యాలెండర్‌లో పండగలు ఎన్ని ఉన్నాయో డాక్టరు అడిగాడు కూడా. కొడుకు మీద ప్రేమ ఉండొచ్చు, తప్పు లేదు. ఆ ప్రేమే కదా వాణ్ణి మంచం ఎక్కించింది! ఇప్పుడు మళ్లీ లవంగాలు నమిలించి తన కళ్లు కప్పుతున్నారని ఆమెకు అనిపించింది. ఆ సాయంత్రం ఏదో వంకతో ఆయన మొహం దగ్గరకి వెళ్లి గాలి పీల్చింది. ఇల్లంతా లవంగం వాసనే ఉంటే, ఆయన నోట్లో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? గురువారం కూడా అంతే. తేల్చుకోలేకపోయింది.

శుక్రవారం చీటీ దొరికింది.

ఆయన స్నానానికి వెళ్లినప్పుడు కంచాల కింద కనిపించింది. ఆయన రాతే. మొదట బాగానే ఉంది. వేయించిన చేపకి లేత బీరు అని రాసుకున్నాడు, దాని బుడగలు నూనె జిడ్డుని కడిగేస్తాయట. చాక్లెట్ కేకుకి నల్ల బీరు, మాడిన చక్కెర వాసన రెండింట్లోనూ ఉందట. ఆ కింద ఇలా ఉంది: "రెండో ఎర్ర వైన్: వగరు చిగుళ్లని పట్టుకుంటోంది. పన్నెండు లెక్కపెట్టేదాకా వదల్లేదు. కొవ్వున్న మాంసం ముక్క తిన్నాక నాలుగుకే వదిలేసింది. ఇదే ఖాయం."

నిలబడే రెండుసార్లు చదివింది. ముక్కుకు తెలియదని ఆయనే చెప్పిన వగరు అది. అనుభవం ఉండొచ్చు గానీ, నిన్నగాక మొన్న మూత తీసిన సీసాలో వగరు చిగుళ్ల మీద ఎంతసేపు ఉంటుందో ఏ అనుభవం లెక్కపెడుతుంది? నోట్లో పోసుకుంటే తప్ప తెలియదు. పోసుకున్నాడు. అడ్డంగా దొరికిపోయాడు. ఇన్నేళ్లలో ఇంత సాక్ష్యంతో ఏ ప్రయాణికుడూ దొరకలేదు ఆమెకి. చీటీ ఎక్కడుందో అక్కడే పెట్టేసి, ఏమీ తెలియనట్టు అన్నం తిని పడుకుంది.

శనివారం పదకొండు గంటలకి, స్టేషన్లో సిబ్బంది విశ్రాంతి గదిలోంచి యజమానురాలికి ఫోన్ చేసింది.

"హామీ వెనక్కి తీసుకుంటున్నానండి. ఆయన మళ్లీ మొదలుపెట్టారు."

"మీరు కళ్లారా చూశారా?"

"చూసినట్టే."

"ముందే చెప్పారు, సంతోషం. ఇంకొకాయనకి చెప్పేస్తాను" అని ఆవిడ పెట్టేసింది.

ఆమె కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. కోపంతో కాదు. పధ్నాలుగు నెలలు ఆయన ఆకుకూరల కట్టలు విప్పి ఒక్కో ఆకూ చూసి వలవడం గుర్తొచ్చింది. ఇంత మంచివాడు ఆ ఒక్క పని ఎందుకు చెయ్యాలి? పెట్టెలో బట్టలు ఏవి ముందు సర్దాలో కూడా అక్కడే అనుకుంది. మొహం కడుక్కుని, సగం రోజు సెలవు పెట్టి ఇంటికి బయల్దేరింది.

తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని పిల్లిలా లోపలికొచ్చింది. వంటింటి తలుపు ఈసారి వేసి లేదు. బల్ల మీద ఐదు కంచాల్లో చేప, కోడి, మాంసం, చీజు, కేకు, ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క. వాటి ముందు అత్తగారు, మెడకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో చెంచా పట్టుకుని కూర్చుంది. మొహం ఎర్రగా కందిపోయింది. ఆయన బల్లకి అవతల పెన్నుతో కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పమ్మా. నాలుక పక్కలకా, చివరికా?"

"పక్కలకే. పచ్చి అరటికాయ తొక్క కొరికినట్టుందిరా. ఒకటి... రెండు... మూడు..."

"ఉమ్మెయ్యమ్మా ముందు. మింగొద్దన్నానా?"

"తినే బల్ల దగ్గర ఉమ్మటమేంట్రా, అసహ్యంగా" అని మింగేసి, తల తిప్పి, గుమ్మంలో కోడల్ని చూసింది. చెంచా చేతిలోంచి జారిపోయింది.

ఆమె మాత్రం ఇంకా పాత కోపంలోనే ఉంది. నేరుగా మొగుడి ముందుకెళ్లి నిలబడింది. "ఊదండి."

ఆయన లేచి, ఆమె మొహం మీద ఊదాడు. టీ వాసన. ఉదయం తనే పెట్టిచ్చిన టీ. ఇంకోసారి ఊదమంది. ఇంకోసారి ఊదాడు. టీ తప్ప ఏమీ లేదు.

"వాణ్ణి ఊదమంటావేంటే, ఊదాల్సింది నేనైతే" అంది అత్తగారు. నవ్వబోయి ఏడ్చేసింది. "మంగళవారం నుంచీ నేనేనమ్మాయ్. డెబ్బై ఏళ్లొచ్చాయి, ఒక్కనాడూ దాని మూత వాసన చూడలేదు. వాడికి నోరు పనికిరాదు కదా అని నా నోరు ఇచ్చాను. గ్లాసుతో అయితే తాగినట్టు ఉంటుందని చెంచాతో."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? నువ్వు సీసాలు పట్టుకున్న ప్రతిసారీ అబద్ధమాడినదాన్ని. ఇప్పుడు నేనే తాగుతున్నానంటే నువ్వేమనుకుంటావో అని, నీకు చెప్పొద్దని వాడిచేత ఒట్టేయించుకున్నాను."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎదురుగా ఆ చీటీ ఉంది, పన్నెండు లెక్కపెట్టిన చిగుళ్లు ఎవరివో ఇప్పుడు తెలిసింది. గోడ గడియారంలో పన్నెండుకి ఇంకా పది నిమిషాలుంది. నీళ్లు నమలకుండా చెప్పేసింది.

"నేను పదకొండింటికే ఆవిడకి ఫోన్ చేశాను. మీరు తాగుతున్నారని చెప్పాను."

ఆమె వాళ్ల ముందే మళ్లీ ఫోన్ కలిపింది. పొరబడ్డానంది. ఆయన ఊపిరి చూశానంది, టీ తప్ప ఏమీ లేదంది. అత్తగారి నోటితో రుచి చూస్తున్నారంది. చెబుతుంటే ఆ మాట తనకే కట్టుకథలా వినిపించింది.

"పదకొండింటికి తాగాడన్నారు, పన్నెండింటికి లేదంటున్నారు" అంది యజమానురాలు. కోపంగా కూడా అనలేదు. "మీ రెండు మాటల్లో దేన్ని నమ్మమంటారు? పైగా తల్లి తాగిందంటున్నారు. ఇట్లాంటివి నేను చాలా విన్నానమ్మా. ఉంటాను."

ఫోన్ బల్ల మీద పెట్టింది. ఆయన చీటీని మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నిన్న చూశావా ఇది?"

"చూశాను."

"నన్ను అడగాల్సింది."

"అడిగితే లేదంటారని."

"అంటాను" అన్నాడాయన. "తాగలేదు కాబట్టి లేదనే అంటాను. తాగనివాడు ఇంకేమంటాడు?"

పంతొమ్మిదేళ్లలో తప్పు చెయ్యలేదన్నవాళ్లు ఎంతమందో, వాళ్లలో నిజంగా చెయ్యనివాళ్లు ఎంతమందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాడు. జత కుదిరిందని చూపించడానికి చేప ముక్కనీ బీరు సీసానీ ఒక సంచిలో పెట్టుకున్నాడు. విందుశాలకే వెళ్తున్నాడని అర్థమై ఆమె కూడా గబగబా లేచింది.

"నేనూ వస్తాను. ఎదురుగా నిలబడి నేనే చెప్తాను."

"వద్దు." ఆయన గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ భయమేసింది ఆమెకి. "నువ్వు పక్కనుంటే ఆవిడ ప్రతి మాటకీ నీ మొహం చూస్తుంది. పధ్నాలుగు నెలల నుంచీ నేనూ అదే చేస్తున్నాను. ఈ ఒక్కసారికి నా మాట నన్నే చెప్పుకోనీ."

తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్లిపోయాడు. వెనకాలే వెళ్లాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంది. వెళ్లలేదు. అత్తగారి పక్కన కూర్చుని, ఆ చల్లారిన కంచాల ముందు ఎదురుచూసింది.