అత్త కళ్ళ బియ్యం

నేను ఒక బిస్కెట్ల డబ్బాను. పుట్టుక మాత్రం అదే. మూత మీద గులాబీలు అచ్చువేసి, లోపల వెన్న బిస్కెట్లు సర్ది, నన్ను పార్వతీపురంలో ఒక కొట్టు అద్దాల వెనక కూర్చోబెట్టారు. ఒక నర్సమ్మ కొనుక్కుంది. బిస్కెట్లు అయిపోయాక సూదీ దారం దాచుకుంది. బదిలీ అయినప్పుడు నన్ను పనసగూడ తబితమ్మకు ఇచ్చేసింది. మనుషులు ఖాళీ డబ్బాను పారెయ్యలేరు, ఉంచుకోనూ లేరు. ఇంకొకరి చేతిలో పెట్టి నిశ్చింతగా ఉంటారు.

తబితమ్మ సవర తెగ ముసలమ్మ. ఆ కొండగూడెంలో అందరూ ఏసుని నమ్మినవాళ్ళే. అక్కడొక పద్ధతి ఉంది. ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇంటి ఆడమనిషి ఒక గుప్పెడు బియ్యం తీసి, ఎవరిదో పేరు తలుచుకుని, విడిగా దాస్తుంది. ఆదివారం అవి చర్చికి వెళతాయి. అక్కడి నుంచి గింజలు నిండుకున్న ఇంటికి చేరతాయి. ఆ గుప్పిళ్ళు దాచే పని నాది.

ఆ వారమంతా కోడలు సలోమి తలుచుకున్నది ఒక్క అత్తనే. సోమవారం తబితమ్మకు కంటి ఆపరేషన్. ఇద్దరికీ భయమే. ఇద్దరూ పైకి అనరు.

శనివారం పెద్ద వాన. ఘాట్ రోడ్డుకి అడ్డంగా చెట్టు పడింది. విజయవాడ నుంచి మోటారు సైకిల్ మీద వచ్చిన మొగుడూపెళ్ళాలు చిక్కుకుపోతే, సలోమి భర్త యోనా ఇంటికి తీసుకొచ్చాడు. మగవాళ్ళిద్దరూ గొడ్డలి పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్ళారు. ఆ పట్నం ఆవిడ, హైమవతి, ఊరికే కూర్చోలేని మనిషి. సలోమి పెరట్లో గుమ్మడాకు కోస్తుండగా నా మూత తీసి, ఉన్న బియ్యమంతా కడిగి ఎసట్లో పోసేసింది.

సలోమి వచ్చి చూసింది. చేతిలో ఆకు కిందపడింది.

"అయ్యో! అవి మా అత్త కళ్ళ బియ్యమమ్మా!"

సంగతి తెలిశాక హైమవతి ముఖం మాడిపోయింది. "బస్తాలో ఉన్నాయిగా అక్కా, మళ్ళీ నింపేద్దాం."

"ముంచి పోసేస్తే అది కొలత అవుతాది గానీ, ప్రార్థన అవుతాదేటమ్మా?"

మంచం మీంచి తబితమ్మ నవ్వింది. "ఒలే సలోమీ, ఏటే ఆ గోల? నా కళ్ళ కోసం తీసినవే కదా, నాను తింతాను. కడుపులోంచెళ్తే కళ్ళకి దారి దొరకదేటి? ఆ పిల్లకీ ఎట్టు. సుట్టాల్ని పస్తుంచి కళ్ళడిగితే దేవుడు మొకం తిప్పుకుంతాడు."

అందరూ గుమ్మడాకు కూరతో కడుపునిండా తిన్నారు. సలోమి మాత్రం తినకుండా నన్ను తుడుస్తూ కూర్చుంది. ఖాళీ డబ్బాతో చర్చికి వెళితే, అడిగినదీ ఖాళీగానే తిరిగొస్తుందేమోనని ఆమె బెంగ.

తెల్లారి ఎసరు పెట్టి, నన్ను హైమవతి ముందు పెట్టింది. "మీరెయ్యండమ్మా."

"నేను మీ మతం కాదు కదా అక్కా. ఎవర్ని తలుచుకోను?"

"మా అత్తని."

హైమవతి బొట్టు దిద్దుకున్న నుదురు వంచి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక గుప్పెడు వేసింది. ఇంత చిన్న పనికి అంతసేపు కళ్ళు మూసుకున్నవాళ్ళను నేను చూడలేదు.

చర్చిలో సంఘపెద్ద నన్ను బుట్టలోకి వంచి ఆగిపోయాడు. "ఇంతేనా సలోమీ?"

"కడమవి మా సుట్టాలు తినేసినారు పెద్దాయనా," వెనక నుంచి తబితమ్మ అంది. "నవ్వినోళ్ళు నవ్వండి. కళ్ళొచ్చినాక ఎవులెవులు నవ్వినారో సూత్తాను!"

చర్చంతా ఘొల్లున నవ్వింది. సలోమి కూడా. అప్పటికి నేను తిరిగి ఆమె ఒడిలోకి చేరాను. పొద్దుటి నుంచి నన్ను బిగించి పట్టుకున్న ఆ చేతులు పట్టు వదిలాయి.